గమ్ముతో అతికించిన రైలు

ఈ రోజు హిందూపురంలో ఒక కల్యాణ మంటపంలో బొమ్మ రైళ్ల ఎగ్జిబిషన్ ఉందంటే, పెనుకొండ నుంచి నాయనను స్కూటర్ మీద తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాలు కాచిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

లోపల స్టేషను, సొరంగం, వంతెన అన్నీ ఉన్నాయి. రైలు మాత్రం కదలదు. పావుగంట చూసి నాయన అక్కడి నిర్వాహకుణ్ణి అడిగాడు.

"ఏమప్పా, బండి ఎప్పుడు కదుల్తాది?"

"కదలదు పెద్దాయనా. పిల్లోళ్లు ముట్టుకుంటాండారని గమ్ముతో అతికిచ్చేసినాం. పక్కన నిలబడు, ఫోటో తీస్తా."

"బండిని పట్టాలకు అతికిచ్చేదేందప్పా!" అంటూ నాయన బయటికొచ్చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నడవని రైలును చూడటానికి టికెట్టా? ఛీ!

తిరిగొస్తుంటే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వచ్చింది. నాయన స్కూటర్ దిగి, చక్రాలను ఒక్కొక్కటే చూస్తూ నిలబడి, ఆఖరి పెట్టె రాగానే అలవాటుగా చెయ్యెత్తాడు. అందులోని గార్డు, ఎవరో ఏమో, పచ్చజెండా ఊపాడు.

రైలు నడిచే ఎగ్జిబిషన్ ఎక్కడైనా చూసుంటే చెప్పండి, నాయనను తీసుకెళ్తాను. అంతవరకు మాకు ఈ గేటే చాలు.