ఉతకని చొక్కా

నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు గడియకు ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. ముడి విప్పగానే గుప్పుమంది. చెమట, ఏదో సెంటు, వాటి అడుగున కాస్త ఉల్లిపాయ తాలింపు. ఎవరో వారం రోజులు తొడుక్కుని ఉతకకుండా పంపిన టీషర్టు. నేను క్లినిక్‌లో లాబ్ టెక్నీషియన్ని. రోజంతా గ్లౌజుల్లోనే చేతులుంచే మనిషిని. ఇంటికొచ్చాక కూడా డెట్టాల్ లేనిదే బట్ట తడపనని మా ఆయన శ్రీనివాస్ వెక్కిరిస్తుంటాడు. అలవాటు ఎక్కడికి పోతుంది! కాళ్ళు వాటంతటవే వాషింగ్ మెషీన్ వైపు నడిచాయి. మూత తీసి, టీషర్టు లోపల పడేయబోయి ఆగిపోయాను. నన్ను అలా ఆపింది షాహెదా ఆపా. ఆమె ఈ దోహా విడిచి వెళ్ళి రెండేళ్ళు దాటింది.

ఆపాది బోధన్. భర్త ఇక్కడ స్కూలు బస్సు నడిపేవారు. అల్ దోహా అల్ జదీదాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఆపా బ్లౌజులు, సల్వార్లు కుట్టేది. నేను దోహాకి కొత్తగా వచ్చిన రోజుల్లో జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్ళాను. చేతులు చాపి నిలబడ్డానో లేదో, మిషను కింది గుడ్డముక్కల్లోంచి మెత్తగా ఏదో వచ్చి నా మడమను రాసుకుంది. కెవ్వుమన్నాను. ఆపా టేపు వదలకుండానే నవ్వింది.

"భయపడకు బిడ్డా, మెహమాన్. నాలుగు దినాలు ఉండి పోతది."

ఆ ఇంట్లో పిల్లులన్నిటి పేరూ అదే, మెహమాన్. అంటే చుట్టం. ఉద్యోగం అయిపోయి దేశం వదిలేవాళ్ళు కొందరు, పెంచుకున్న పిల్లిని పార్కింగులో దింపేసి విమానం ఎక్కేస్తారు. అలాంటి వాటిని కొందరు వలంటీర్లు పట్టి, డాక్టరుకి చూపించి, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా ఆపాలాంటి వాళ్ళ ఇళ్ళలో ఉంచుతారు. నలుపైనా తెలుపైనా, వారమున్నా ఆర్నెల్లున్నా ఆపా దేనికీ పేరు పెట్టేది కాదు. అదేమిటని అడిగితే, "పేరు పెట్టేది ఆ ఇంటోళ్ళ హక్కు. నేను పెడితె అది నాదైతది. నాదైతె ఎట్ల పంపాలె?" అనేది. ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. ఆమె మాటలు చాలావరకు అంతే, వినేటప్పుడు తేలిగ్గా ఉండి తర్వాతెప్పుడో బరువెక్కుతాయి.

ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు మా అల్ హిలాల్ బిల్డింగు పార్కింగులో నీలం పట్టీతో ఒక లేత పసుపు పిల్లి కనిపించింది. మనిషి అడుగుల చప్పుడైతే చాలు, కార్ల కిందినుంచి పరుగున వచ్చి మొహంలోకి చూసేది. తను వెతికే మనిషి కాదని తెలియగానే మళ్ళీ కారు కిందికి పోయేది. నాలుగు రోజులు చూసి తట్టుకోలేక ఆపాకు ఫోన్ చేశాను. డాక్టరు పరీక్షలన్నీ అయ్యాయి. దాని పాత యజమాని నంబరు దొరికింది గానీ ఎత్తేవాళ్ళు లేరు. ఆపా ఇంట్లో అప్పటికే ముగ్గురు చుట్టాలున్నారు. "ఒక పది దినాలు నీ తాన ఉంచు బిడ్డా" అంది. ఆ పది రోజులు మూడు నెలలయ్యాయి. ఉతికిన బట్టల బుట్టలో గుండ్రంగా చుట్టుకుని పడుకుంటే అచ్చం పెనం మీంచి తీసిన బొబ్బట్టులా ఉండేది. అలా ఆపాకు తెలియకుండా దానికి పేరు పెట్టేశాను. శ్రీనివాస్ తెల్లారకముందే సైట్‌కి వెళ్ళిపోయేవాడు. నేను క్లినిక్ నుంచి వచ్చి తాళంచెవి తిప్పుతుంటే లోపల బొబ్బట్టు అరుపు వినపడేది. ఈ ఊళ్ళో నా కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటుందని మొదటిసారి అనిపించింది.

అంతలో దానికి ఇల్లు దొరికింది. గంగాధర్ అని జగిత్యాల వైపు మనిషి, క్రేన్ ఆపరేటర్. పదకొండేళ్ళు లేబర్ క్యాంపుల్లో, అందులో చివరి నాలుగేళ్ళు బర్వా అల్ బరాహా క్యాంపులో గడిపాడు. ఎట్టకేలకు భార్య సుజాతకి వీసా వచ్చి, ఇద్దరూ ఒక గది అద్దెకు తీసుకున్నారు. అతను డ్యూటీకి పోతే ఆమెకు పొద్దు పోదు. ఊళ్ళో పిల్లి ఉండేదట, దాన్ని తలుచుకుని ఏడుస్తోందట. ఆపా పద్ధతి ప్రకారం గంగాధర్ ముందుగా తన చొక్కా ఒకటి తెచ్చిచ్చాడు. తీసుకెళ్ళే వారం ముందు ఆ ఇంటివాళ్ళు తొడిగిన బట్ట ఉతకకుండా పిల్లి పడుకునేచోట పరచాలి, దాని మీదే గిన్నె పెట్టాలి. "ఆకలి తీరిన చోటి వాసన అది మర్వదు. రేపు ఆ ఇంట్ల అడుగు పెట్టంగనే, అరె, ఇది నాకెరుకున్న ఇల్లే అనుకుంటది" అనేది ఆపా. కొత్త ఇంట్లో రెండు రోజులు మంచం కింద దాక్కున్నా ఫరవాలేదు, మూడో దినం బయటికొచ్చి తింటే ఆ ఇల్లు దానిదైనట్టే. అది ఆమె లెక్క.

ఆ చొక్కా చూసి నాకు ప్రాణం పోయినంత పనైంది. చెమట చారలు, డీజిలు మరకలు, కాలరు మీద వేలు మందాన మట్టి. వాసన గురించి ఆపా చెప్పింది నిజంగానే మరిచిపోయానో, నా చాదస్తం గుర్తురానివ్వలేదో! వేడినీళ్ళలో డెట్టాల్ పోసి రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి మడత నలక్కుండా పరిచాను. వారం తర్వాత బొబ్బట్టు వెళ్ళింది. మూడో రోజుకి కూడా ఫ్రిజ్ వెనకనుంచి రాలేదు, నీళ్ళు తప్ప ముట్టలేదు. గంగాధర్ దాన్ని బుట్టలో పెట్టుకుని తెచ్చి, చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా ఇల్లు దానికి నచ్చలే మేడం" అన్నాడు తల వంచుకుని. తప్పు తనదే అన్నట్టుగా.

అయ్యో అన్నాను. పైకి. లోపల మాత్రం నాకు పండగే. తలుపు వేయగానే బొబ్బట్టు బుట్టలోంచి దూకి గిన్నెడు తిండి ఖాళీ చేసింది.

ఆపా ఫోన్‌లో అడిగింది, "అంగీ పరిచినవా?" అని. "పరిచానండి ఆపా" అన్నాను. అబద్ధం కాదుగా! ఆమె వాళ్ళకింకోసారి అవకాశమిద్దాం, మళ్ళీ అంగీ తెమ్మందాం అంది. వాసన సంగతి మొదటినుంచి మళ్ళీ చెప్పింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. తెలిసీ రెండో చొక్కా కూడా ఉతికాను. ఈసారి చాదస్తంతో కాదు, కావాలని. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది మళ్ళీ తిరిగొస్తే ఇక నాదే అనుకున్నాను.

పంపడానికి ఇంకా ఐదు రోజులుందనగా ఆపా గోళ్ళు కత్తిరించడానికి వచ్చింది. పిల్లిని ఒళ్ళోకి తీసుకుంటూ కింద పరిచిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది. బట్టలతో బతికిన మనిషి. ఆమెను మోసం చేద్దామనుకున్నాను చూడండి, అదీ నా తెలివి. నా వైపు చూసి, చొక్కా మడిచి పక్కన పెట్టి, నాలుగు కాళ్ళ గోళ్ళూ ఒక్కొక్కటిగా పూర్తిగా తీసింది.

"పేరేం పెట్టినవ్?" అంది చివరికి.

"బొబ్బట్టు."

"మంచిగుంది." పిల్లిని కిందికి దింపుతూ చెప్పింది. "నేను గూడ మొదటొచ్చినదాన్ని పంపలే బిడ్డా, ఉంచుకున్న. అప్పుడున్న ఇంటి ఓనరు ఒక్కటే ఉండాలె, రెండోది నక్కో అన్నడు. వారం తర్వాత ఎవరో నా వాకిట్ల అట్టడబ్బా పెట్టి పోయిండ్రు. లోపల చిన్న పిల్ల. జాగా లేదని డబ్బా కిందికి పంపించిన. మర్నాడు పోయి చూస్తె డబ్బా ఉన్నది, పిల్ల లేదు. నా పిల్లి పదేండ్లు బతికింది. దాని మీద చెయ్యి పెట్టినప్పుడల్ల ఆ డబ్బనే కండ్లల్ల పడేది."

నాకు ఏడుపొచ్చింది. తిడితే బాగుండేది.

"ప్రేమ చెయ్యొద్దని నేనంటలేను. మస్తు చెయ్యి. గానీ నీ కోసం దాన్ని ఇంకొకపారి ఉపాసం పెట్టకు. రెండుసార్లు తిరిగొచ్చిన పిల్లిని మూడోసారి ఎవరడుగుతరు?" అని లేచింది. గుమ్మం దాటుతూ, "ఆ పిల్లతోని నువ్వే మాట్లాడు" అంది. ఎవరితో అని నేనడగలేదు.

మర్నాడే సుజాత దగ్గరికి వెళ్ళాను. ఒక మంచం, ఒక ఫ్రిజ్, కిటికీలో తులసి మొక్క. ఆమె టీ పెడుతుంటే వెనకనుంచే చెప్పేశాను, చొక్కా ఉతికింది నేనే, మొదటిది తెలియక, రెండోది తెలిసి అని. ఆమె గరిట వదిలి వెనక్కి తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాను.

"మరి మా ఇల్లు నచ్చక కాదా అక్కా?" అంది. కళ్ళ నిండా నీళ్ళు. "పిల్లి గూడ ఉండలేని ఇంట్ల నేనెట్ల ఉండాలె అని రోజూ ఏడ్చిన. వాపస్ పంపియ్యి, ఊరికి పోత అని ఈయనతోని కొట్లాడిన."

నా డెట్టాల్ ఎంత దూరం పోయిందో అప్పుడర్థమైంది. ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ఒంటి మీదున్న చున్నీ తీసి నా చేతిలో పెట్టింది. "దీన్ని మాత్రం ఉతకకు అక్కా" అని నవ్వింది కూడా. టీ పొంగిపోయింది. ఇద్దరం కలిసి పొయ్యి తుడిచాం.

ఆ చున్నీ మీద బొబ్బట్టు నాలుగు రోజులు తిని పడుకుంది. పంపించిన రోజు నేను ఖాళీ గిన్నె కడగలేకపోయాను, శ్రీనివాస్ కడిగాడు. రెండు రోజులు ఫోన్ చేయకుండా చేతులు కట్టేసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం సుజాతే చేసింది. "అక్కా! తిన్నది! తిని నా చున్నీ మీదనే పండుకున్నది!" క్లినిక్ కారిడార్‌లో నిలబడి ఏడుస్తుంటే, చీటీ పట్టుకుని వచ్చిన పేషెంటు తన రిపోర్టులో ఏదో ఘోరం ఉందనుకుని హడలిపోయాడు. ఆ సాయంత్రమే ఆపా ఇంకో బుట్ట తెచ్చి మా ఇంట్లో దింపింది. ఒంటికన్ను పిల్లి. "మెహమాన్" అంది, అంతే.

రెండేళ్ళ క్రితం ఆపా భర్తకు ఉద్యోగం ముగిసింది. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు వదిలి, బోధన్‌లో తమ్ముడి ఇంట్లో ఒక గదికి వెళ్ళాలి. చివరి వారం మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఎన్నడూ లేనట్టు మాటలు తడుముకుంది. "సెలవుల్ల పోయొచ్చుడు వేరు బిడ్డా. ఇగ అక్కడనే ఉండుడు. ఆ ఇంట్ల అందరు నావాళ్ళే. గానీ నాకు ఏ వాసనా యాదికి లేదు" అంది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది, "నువ్వు వేసుకున్న చున్నీ ఒకటిస్తవా?"

బీరువా తీయలేదు. భుజం మీదిదే తీసి ఇచ్చాను.

ఆమె వెళ్ళాక, ఫోన్ చేస్తే గొంతు ఎలా వినబడుతుందో అని భయపడి చేయలేదు. నాలుగో రోజు తనే చేసింది. ఎలా ఉన్నారు ఆపా అంటే కిలకిలా నవ్వింది. "రెండు దినాలు మంచం కిందనే ఉన్ననుకో. మూడో దినం బయటికొచ్చి అన్నం తిన్న."

నిన్నటి టీషర్టును మెషీన్‌లో వేయలేదు. ముక్కు మూసుకోకుండానే తీసుకెళ్ళి, సోఫా కింద నక్కిన చుట్టం ముందు పరిచి, దాని మీద గిన్నె పెట్టాను. చుట్టం పేరు నన్నడక్కండి. నేను పెట్టలేదు.