లచ్చవ్వ కేకు

నిన్న తాండూరు నుంచి తెలిసినవారు పంపిన పెట్టె మూత తీయగానే బెల్లంతో కాలిన జొన్నపిండి వాసన గుప్పుమంది. మూత మీద మాత్రం ‘నవాబుల వంటశాలలో పుట్టిన షాహీ కేకు’ అని అచ్చువేశారు. నాకు ఒళ్లు మండింది. ఆ కేకు ఏ నవాబు ముఖమూ చూడలేదు. వికారాబాద్ స్టేషన్ ఎదుట, గఫూర్ సాబు బేకరీలో, నా కళ్లముందే పుట్టింది.

అరవయ్యో దశకపు తొలి ఏళ్లలో నేను ధారూరు బడిలో ఉపాధ్యాయుణ్ణి. వికారాబాద్‌లో ఉంటూ రోజూ రైల్లో వెళ్లివచ్చేవాణ్ణి. సాయంత్రాలు గఫూర్ సాబు దగ్గర చాయ్ తాగుతూ, తినుబండారాలకు ఆ పేర్లు ఎలా వచ్చాయో అడిగి రాసుకునేవాణ్ణి. కొబ్బరి కూరిన దిల్‌ఖుష్ రొట్టె పేరుకు ఒకనాడు అలిగిన బేగం కథ చెప్పాడు. మరునాడు అదే పేరుకు, జైలు నుంచి విడుదలైన వంటవాడి కథ. ఏది నిజమని నిలదీశాను. “గిరాకి మొఖం జూసి కథ చెప్త సార్. మీరు గింత పక్కాగ రాస్తరని నాకేం ఎర్క?” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండు పుటలూ కోపంగా కొట్టేశాను.

మైదా దొరకని ఒక ఏడు, కోట్‌పల్లి నుంచి గుడ్లు తెచ్చే లచ్చవ్వ, “మైదా లేకుంటే చేతులు ముడుసుకొని కూసుంటవా సాయబూ? జొన్నపిండిల బెల్లం ఏసి కాల్చు” అని దబాయించింది. నాలుగు రోజుల్లో ఊరంతా ఆ రుచి మరిగింది. అంతలో ఒక అధికారి కబురు పంపాడు: కేకుకు తన పేరు పెడితే తన విందులన్నిటికీ గఫూర్ సాబు దగ్గరినుంచే తెప్పిస్తాడట. మైదా లేక మూతపడేలా ఉన్న బేకరీకి అది ప్రాణం లేచివచ్చే మాట. నా దస్తూరి బాగుంటుందని, బేకరీ గుమ్మంలో తినుబండారాల పేర్లు రాసిపెట్టే పలక నన్నే రాయమనేవారు. ఎవరినీ అడగకుండా అధికారి పేరు రాసేశాను. మేలు చేశాననే అనుకున్నాను.

గఫూర్ సాబు తడిబట్టతో తుడిచేశాడు. “నా కథలకు గుస్సా అయితిరి. మరి గిదేంది సార్? నేను నోటితోని చెప్పిన అబద్ధం గాలికి పోతది. మీరు రాస్తే ఉంటది.” తలవంచుకుని ‘లచ్చవ్వ కేకు’ అని రాశాను. విందులు మరో అంగడికి పోయాయి. కొన్నాళ్లు ఆయన చాయ్ పలచబడింది. కథలు మాత్రం చిక్కగానే ఉండేవి.

ఆ పేరు రాసిన మరునాడే లచ్చవ్వ గంప దించి, “నా పేరు పెట్టిండ్రా? ఇగ ఊరోళ్లంత నన్ను కొరుక్క తింటరు!” అని నవ్వింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని పలక దగ్గరికి వచ్చింది. “యాడుంది సార్? వేలు పెట్టి చూపియ్యి.” చూపించాను. “మల్లొకపారి సదువు” అంది. మూడోసారి చదివినప్పుడు ఆమె కూడా నాతో పలికింది.

ఈనాటికీ ఎవరి పేరు కాగితం మీద పెట్టినా, ఆ మనిషికి చదివి వినిపించాకే కలం మూస్తాను.