చిట్టెలుకను వదిలేసిన ఆదివారం

ఎలుకలంటే నాకెప్పుడూ జాలి లేదు. మాది వరి పండించే ఇల్లు. చేలో ఎలుక కన్నం కనిపిస్తే ఆ పూట మా నాన్నకి అన్నం సహించేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, పటమటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని ఒక చిట్టెలుకకి నెల రోజులు ఊడిగం చేశాను.

దసరా సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి మూడు రోజులు వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఉంటే చదవదన్న భయంతో గన్నవరం దాటాక ఉన్న కాలేజీలో నేనే పట్టుబట్టి చేర్చాను. తను వచ్చిన రోజునే, పదో తరగతి పుస్తకాలున్న అట్టపెట్టెలో కొరికిన కాగితాల పొడి కనిపించింది. బోనులో పకోడీ ముక్క పెట్టాను. తెల్లారి చూస్తే బొటనవేలంత చిట్టెలుక, చెవులు మాత్రం పెద్దవి. బోనును బక్కెట్టులో ముంచడమే మా పద్ధతి. నేను నీళ్ళు పడుతుంటే అమ్మాయి వచ్చి బోను ముందు గొంతుక్కూర్చుంది.

"చంపకమ్మా. నేను మళ్ళీ వచ్చేదాకా ఉంచవా, ప్లీజ్!"

ఆ మూడు రోజుల్లో తను నన్ను అడిగింది అదొక్కటే. సరేనన్నాను.

"ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునే రకానివి, నువ్వు దీన్ని సాకుతావా?" అని మా ఆయన నవ్వారు.

హాస్టల్ నుంచి ఆదివారం ఒక్కరోజే ఫోను, అదీ పది నిమిషాలు. అంతకుముందు మా మాటలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. "తిన్నావా?" "తిన్నా." "చదువుతున్నావా?" "ఊఁ." చిట్టెలుక వచ్చాక పది నిమిషాలూ చాలేవి కావు. వేరుశెనగ గింజని రెండు చేతులతో పట్టుకుందా, పాత చీర ముక్క వేశావా, మూతి కడుక్కుందా అంటూ ఒకటే ప్రశ్నలు. పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం వారమంతా బోను పక్కనే కూర్చుని, అది చేసేవన్నీ గుర్తుపెట్టుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, దాన్ని ఉంచింది నా కోసమే.

నాలుగో వారంలో దాని ముక్కు మీద బొచ్చు ఊడింది. రోజంతా ఒకే చోట తీగల మధ్య ముక్కు దూర్చి తోసేది. పెద్ద డబ్బాలోకి మారిస్తే అక్కడా ఓ మూలకి చేరి గీకింది. గురువారానికి పుండు పడి రక్తం కనిపించింది. గింజలు మాత్రం తింటూనే ఉంది.

"పాపం, వదిలెయ్యవే," అన్నారు మా ఆయన.

"ఆదివారం అమ్మాయికేం చెప్పమంటారు?"

"బాగానే ఉందని చెప్పు. తనేమన్నా చూడొచ్చిందా?"

ఆ అబద్ధం నాకు ముందే తట్టింది. తట్టినందుకే ఆయన మీద అరిచాను.

ఆదివారం పొద్దున్నే దాన్ని మళ్ళీ బోనులోకి ఎక్కించి, స్కూటర్ మీద కంకిపాడు వైపు వెళ్ళాం. గట్టు మీద బోను పెట్టి చూద్దును కదా, వరి పొట్ట మీద ఉంది, నేడో రేపో కంకి వేస్తుంది. రైతు కూతుర్ని అయ్యుండి ఎవరి చేలో వదలను? మా నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడు. తిట్టుకుంటూ వెనక్కి తెచ్చి, ఇళ్ళకీ చేలకీ దూరంగా కాలవ పక్కనున్న తుప్పల్లో వదిలాను. ఒక్క క్షణం నిలబడి తుర్రుమంది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఫోను రాగానే మొదటి ప్రశ్న దాని గురించే. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"వదిలేశానమ్మా. ముక్కంతా పుండు చేసుకుంది. నీకిచ్చిన మాట తప్పాను."

ఫోను కోసం వెనక లైన్లో ఉన్న పిల్లల గోల వినిపిస్తోంది.

"ఎప్పట్నుంచి అలా చేస్తోంది?" అంది.

"వారం నుంచీ."

"చూస్తూ కూడా వెంటనే ఎందుకు వదల్లేదమ్మా?"

"వదిలేస్తే నువ్వు నాతో మాట్లాడవేమోనని భయమేసిందే."

అప్పుడు ఏడ్చింది. వెక్కిళ్ళ మధ్య చెప్పింది. "అమ్మా, నేనూ ఇక్కడ ఉండలేకపోతున్నా."

ఎప్పట్నుంచి అని నేను అడగలేదు. జూన్ నుంచి అంటుందని నాకు తెలుసు.

"బట్టలు సర్దుకో తల్లీ, బయల్దేరుతున్నా," అన్నాను.