రొట్టెలకు ఇచ్చిన పిండి

జొన్నలు మొలకెత్తించి ఇంట్లో బీరు చేసుకునే సరదాతో, ఒక బస్తా తెల్లజొన్నలు కొందామని హైదరాబాదు నుంచి ఆదోని వెళ్లాను. మొలకెత్తే కొత్తజొన్నలు కావాలంటే, ధాన్యం దుకాణంలోని ముస్లిం పెద్దాయన ఎందుకని అడిగారు. ఉన్నమాట చెప్పాను.

"తాగేదానికైతే నేను ఇయ్యలేనప్పా. మా దీన్‌లో, అదే మా మతంలో, తప్పు. మనసులో పెట్టుకోవద్దు," అన్నారు.

నేను మొహం చిన్నబుచ్చుకుని లేవబోతే, కూర్చోబెట్టి టీ తెప్పించారు. తర్వాత ఎదురు దుకాణాయనను పిలిచి, "అన్నా, ఈయప్ప శానా దూరం నుంచి వచ్చినాడు. మన ఆస్పరి పక్క జొన్నలు మంచివి సూసి ఇయ్యి," అన్నారు.

అక్కడ కొన్న బస్తాను ఆటోలో వేయిస్తుంటే, ఆ పెద్దాయనే వచ్చి నా చేతిలో జొన్నపిండి సంచి పెట్టారు.

"ఇది రొట్టెలకప్పా. ఇంట్లో అందరూ తినండి."

బీరు తయారవడానికి వారాలు పట్టింది. రొట్టెలు మాత్రం ఇల్లు చేరిన పూటే, ఆయన్ని తలుచుకుంటూ తిన్నాం.