మామ నింపిన తూటాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గొడ్డళ్లూ బరిసెలూ చీపుళ్ల పక్కనే, తలుపు మూలకు ఆనించి ఉండేవి. అమ్మ ఇల్లు ఊడ్చేటప్పుడు వాటిని పక్కకు జరిపి, ఊడ్చాక మళ్లీ అక్కడే పెట్టేది. అందరిళ్లలోనూ అంతేనేమో అనుకునేదాన్ని. గురజాలకు బండిలో పూట ప్రయాణం దూరాన ఉన్న మా పల్లెలో నిజంగానే చాలా ఇళ్లలో అంతే.

మా నాన్నకూ ఎదురింటి పెదనాన్నకూ పడేది కాదు. పెదనాన్నంటే పరాయివాడేమీ కాదు, మా తాతయ్య అన్నగారి కొడుకు. రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న మోటబావి దగ్గర మొదలైంది తగాదా. నీళ్ల వంతు గురించి ముందు మాటా మాటా అనుకున్నారు. తర్వాత వాళ్లు మా పాలేరు కాళ్లు విరగ్గొట్టారు. మావాళ్లు వెళ్లి వాళ్ల జొన్నచొప్ప వామికి నిప్పు పెట్టారు. వామి పక్కన కట్టేసి ఉన్న ఎద్దులను ఎవరూ చూసుకోలేదు. తలుగులు తెంచుకోలేక అవి పెట్టిన అరుపులకు ఊళ్లో పిల్లలమంతా చెవులు మూసుకున్నాం. ఆ వేసవిలోనే పెదనాన్న మా బాబాయిని బావి గట్టు మీద బరిసెతో పొడిచాడు.

బాబాయిని నులక మంచం మీద మోసుకొచ్చారు. ఆయన తన పొట్టను తానే రెండు చేతులతో అదిమి పట్టుకొని ఉన్నాడు. మంచం నులక గుండా కారిన రక్తం వాకిట్లో ముగ్గు మీద పడింది. నన్ను భుజాలకెత్తుకొని తిప్పిన మనిషి ఆయన. నన్ను చూసి ఏదో చెప్పబోయాడు, నోట్లోంచి మాట రాలేదు. పొద్దుగుంకకముందే పోయాడు. చూసినవాళ్లెవరూ సాక్ష్యానికి రాకపోవడంతో కేసు నిలవలేదు. పెదనాన్న మళ్లీ వచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు.

నాన్న ఏడవలేదు. కొన్నాళ్లకు ఒక రైఫిల్ కొనుక్కొచ్చాడు. గురి పందాలు ఆడటానికని ఎవరో తెల్లదొర ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నదట అది. యుద్ధం ముగిశాక ఆయన ఓడెక్కి వెళ్లిపోతూ అమ్మేశాడు. మా ఇంట్లో అప్పటికే ఒక పాత జోడు తుపాకి ఉండేది కానీ, దానితో పందిని కొట్టాలన్నా దగ్గరకు పోవాలి. ఈ రైఫిల్ అలా కాదు. ఇక్కడ మీట నొక్కితే ఎక్కడో మూడు చేల అవతల మనిషి పడిపోతాడని నాన్న అమ్మకు చెబుతుంటే విన్నాను. అమ్మ అన్నం వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

రైఫిల్ అయితే వచ్చింది గానీ తూటాలే కరువు. పాత తుపాకి తూటాలు బొటనవేలంత లావు, దీనివి సన్నం. ఆ కొలత తూటాలు గుంటూరులో కూడా లేవన్నారు. దొర ఇచ్చిన కాసిని అయిపోతే రైఫిల్ ఉత్త ఇనుప కర్రే. వాడేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు దొరికితే అడుగున పేలే టోపీ మార్చి, మళ్లీ మందు కూరి, సీసం గుండు బిగించుకోవచ్చు. ఆ పని తెలిసినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు, మా మేనమామ.

మామ అమ్మకు తమ్ముడు. సైన్యంలో చేరి బర్మా అడవుల్లో పోరాడి, ఆ మధ్యే తిరిగొచ్చాడు. పెళ్లి కాలేదు. కూర్చున్న చోట కూర్చుని ఉండేవాడు, పిలిస్తే పలికేవాడు. నాన్న ఆయన్ను పిలిచి, గొట్టాలు ఎక్కడ దొరికినా పోగు చేసుకురమ్మన్నాడు. నాన్నే తిరిగితే ఎదుటివాళ్లకు తెలిసిపోతుందని మామను పంపాడు. పిల్లకు గాజులు కొనడానికని చెప్పుకోవచ్చని నన్ను కూడా బండెక్కించాడు.

మాచర్లలో ఇత్తడి సామాన్లకు మాట్లు వేసే ఒక సాయిబు తాత దగ్గరకు వెళ్లాం. సైన్యం వాళ్లు తుక్కు కింద అమ్మేసిన ఖాళీ గొట్టాలు ఆయన దుకాణంలో గోతాలకు గోతాలు పడి ఉన్నాయి. రకరకాల సైజులవి. మామ దొర ఇచ్చిన గొట్టం ఒకటి నా చేతిలో పెట్టి, అచ్చం అలాంటివే ఏరమన్నాడు. నొక్కుపడినవీ చీలినవీ వద్దన్నాడు. నేను గోతం ముందు చతికిలబడ్డాను.

సాయిబు తాత కాసేపు మమ్మల్ని చూసి, "బిందెలు పోద్దామని తెప్పించాను బాబూ. ఇయి మళ్లీ పేలటానికే పోతన్నాయా ఏంది?" అన్నాడు.

మామ తల వంచుకొని గొట్టాలు ఏరుతూనే, "ఏమో తాతా," అన్నాడు.

నేను మాత్రం హుషారుగా ఏరాను. గొట్టం సంచిలో పడిన ప్రతిసారీ పెదనాన్న గుండెలో ఒకటి దిగినట్టు ఊహించుకున్నాను. బాబాయి పోయిన తర్వాత నాకు సంతోషం కలిగింది మళ్లీ ఆ రోజే.

ఇంటికొచ్చి వాటిని చింతపండు నీళ్లలో కడిగి, మా మిద్దె నాపరాళ్ల మీద ఆరబోశాం. ఎండకు బంగారంలా మెరిశాయి. మొదట కొన్నింటిని మామ నింపాడు. నాన్న వాగు అవతలి గట్టు మీద కుండలు పెట్టించి, దొర ఇచ్చినవీ ఇవీ అన్నీ అయిపోయేదాకా గురి చూసుకున్నాడు. కుండ బద్దలైపోయాక చప్పుడు కొండకు తగిలి తిరిగొచ్చేది. ఒక్క గుండు కూడా వృథా పోలేదు. నాన్న మామ వీపు చరిచి, మిగిలినవన్నీ కూడా నింపమన్నాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంటి పత్తి కొట్లో మామా నేనూ కూర్చున్నాం. నాకు గొట్టాలు అందించే పని. మామ లోపల గడియ పెట్టి వచ్చాడు. మందు డబ్బా మూత తియ్యలేదు. పక్కనే ఉన్న గిన్నె మీద గుడ్డ తీశాడు. అందులో జొన్నపిండి ఉంది. ఒక గొట్టం నా చేతిలోంచి తీసుకొని, దాన్నిండా పిండి పోసి, పైన గుండు బిగించి పక్కన పెట్టాడు. చూడటానికి అది కూడా మొదటివాటిలాగే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నాన్నతో చెబుతా," అని లేచాను.

మామ నన్ను పట్టుకోలేదు, అరవలేదు. "చెప్పు. నేనేం ఆపను. నేను చెప్పేది ఇని పో," అన్నాడు.

నిలబడే విన్నాను. "మీ పెదనాయన చెడ్డోడే. కాదనటంలా. మీ నాయన ఆణ్ణి కొడితే ఆణ్ణి మోసుకుపోతారు. మీ నాయన్ని ఉరికంబం ఎక్కిస్తారు. ఎక్కించకపోతే ఆళ్ల కొడుకులొస్తారు. అప్పుడు మంచం మీద వచ్చేది ఎవురు?" అన్నాడు. పిండి నింపిన తూటాను వేళ్లతో తిప్పుతూ మళ్లీ అన్నాడు: "నేను చానామందిని కొట్టానమ్మాయ్. దూరాన్నుంచి కొడితే ఏం తెలవదు. ఒకసారి దగ్గరకు పోయి చూశా. మీసం కూడా సరిగ్గా రాని కుర్రోడు. పేగులు మట్టిలో పడితే ఏరుకొని లోపలికి తోసుకుంటన్నాడు. నా వంకే చూస్తా తోసుకుంటన్నాడు."

పొట్టను అదిమి పట్టుకున్న బాబాయి చేతులు నా కళ్ల ముందుకొచ్చాయి. పెదనాన్న చావాలనే నాకు అప్పటికీ ఉంది. కానీ నాన్న అలా మంచం మీద రాకూడదనేది అంతకంటే గట్టిగా ఉంది. మళ్లీ కూర్చున్నాను. ఇంకో గొట్టం అందించాను.

నాన్న ఎక్కువ రోజులు ఆగలేదు. ఒక పొద్దున నన్ను లేపి, బావి దాకా పోయి పెదనాన్న మోట తోలుతున్నాడేమో చూసి రమ్మన్నాడు. ఆడపిల్లను ఎవరూ అనుమానించరని. వెళ్లాను. పెదనాన్న తన పాలేళ్లతో బావి దగ్గరే ఉన్నాడు. గొడ్డలి గట్టు మీద పెట్టుకొని ఎద్దుల్ని అదిలిస్తున్నాడు. నన్ను చూసి, "ఏమే, మీ నాయన పంపిచ్చాడా? ఈడే ఉంటా, రమ్మని చెప్పు," అని ఉమ్మేశాడు. ఆ క్షణాన నేను పిండి సంగతి నాన్నకు చెప్పేసే దాన్నే. తిరిగొచ్చి నాన్న ముందు నిలబడ్డాను. నాన్న రైఫిల్ తుడుచుకుంటూ, "ఉన్నాడా?" అని మాత్రం అడిగాడు. "ఉన్నాడు," అన్నాను. మిగతాది గొంతులోనే ఉంచుకున్నాను.

బావికి ఎగువన రాళ్ల గుట్ట ఉంది. నాన్న దాని వెనక పడుకొని గురి చూశాడు. మామ పక్కనే కూర్చున్నాడు, చేతిలో ఏ ఆయుధమూ లేదు. నన్ను ఇంటికి పొమ్మన్నారు గానీ నేను కంచె చాటున నక్కాను. నాన్న మీట నొక్కాడు. అడుగు టోపీ ఒక్కటే పేలి వేరుశనక్కాయ చిట్లినంత చప్పుడైంది, అంతే. కింద పెదనాన్న ఎద్దుల్ని అదిలిస్తూనే ఉన్నాడు. నాన్న ఇంకో తూటా దూర్చబోయాడు. మొదటి గుండు రైఫిల్ గొట్టంలోనే ఇరుక్కుపోయి రెండోది లోపలికి పోలేదు. పెనుగులాడాడు. చివరికి పెద్ద కేక పెట్టి, రైఫిల్‌ను దుడ్డుకర్రలా తిప్పి పట్టుకొని గుట్ట దిగి పరుగెత్తాడు.

ఇది మామ అనుకోలేదు. తూటా పేలకపోతే ఇంటికి తిరిగొస్తామనే అనుకున్నాడాయన. "బావా!" అని అరుస్తూ వెనకే పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను.

నాన్న మొదటి దెబ్బ ఒక పాలేరు మొహం మీద పడింది. వాడు పళ్లు ఉమ్ముకుంటూ కూలబడ్డాడు. రెండో దెబ్బ పెదనాన్న భుజం మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పెదనాన్న ఆ చేతిని వేలాడేసుకొనే, రెండో చేత్తో గొడ్డలి అందుకున్నాడు. నాన్న కాలు మోట తాడుకు తట్టుకొని బోర్లా పడ్డాడు. పెదనాన్న గొడ్డలి పైకెత్తడం, నాన్న మెడ కింద ఉండటం రెండూ చూశాను.

మామ మధ్యలోకి దూరి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు.

గొడ్డలి మోచేతి కింద దిగింది. చెయ్యి తెగి, కాస్త తోలు మీద వేలాడింది. రక్తం చిమ్మి పెదనాన్న మొహమంతా పడింది. కళ్లలో పడిన రక్తాన్ని తుడుచుకోవడానికి ఆయన ఒక్క క్షణం ఆగాడు. మామ కింద పడకుండా ఆయన ముందే నిలబడి ఉన్నాడు.

"తూటాల్లో మందు లేదు బావా," అన్నాడు. మాట్లాడుతున్నది నాన్నతో, చూస్తున్నది పెదనాన్న వంక. "నేనే పొయ్యలా. పోసుంటే ఈయన ఇందాకే పోయేవాడు. కుండల్ని కొట్టావు గదా, చూశాను. తప్పేది కాదు."

పెదనాన్న గుట్ట వంక చూశాడు, కిందపడున్న రైఫిల్ వంక చూశాడు, తర్వాత మామ చేతి వంక చూశాడు. గొడ్డలి వదిలేసి గట్టు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి తలగుడ్డ విప్పి, ఒంటి చేత్తో, పంటి సాయంతో మామ చేతికి బిగించి కట్టడం మొదలుపెట్టాడు. కట్టు జారిపోతుంటే, "ఒరేయ్, ఆ కొస పట్టుకోరా," అన్నాడు. ఆ మాట అన్నది మా నాన్నను. నాన్న పట్టుకున్నాడు.

బండిలో నరసరావుపేట ఆస్పత్రికి తీసుకుపోయారు. మోచేతి దాకా తీసేశారు. చొప్ప కోసే కత్తిలో చెయ్యి పడిందని మామ పోలీసులతో చెప్పాడు. ఆ వైపు ఊళ్లలో తెగిన ప్రతి చెయ్యీ చొప్పకత్తిలోనే పడిందని చెబుతారని వాళ్లకు తెలుసు. రాసుకొని వెళ్లిపోయారు.

ఆ తర్వాత రెండిళ్లూ కలిసిపోయాయని చెప్పను. కలవలేదు. పెదనాన్న మా గడప తొక్కలేదు, బాబాయి భార్య, మా పిన్ని, ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకునేది. నాన్నకు కూడా మామ మీద కోపం చాలాకాలం పోలేదు. తన చేత నవ్వులపాలయ్యే పని చేయించాడని, తమ్ముడి పగ తీరకుండా చేశాడని తాగినప్పుడల్లా తిట్టేవాడు. మామ వినేవాడు. కానీ నీళ్లు ఎవరి వంతు వాళ్లు తోడుకున్నారు. ఆ రెండిళ్ల నుంచి మళ్లీ ఎవరూ నులక మంచం మీద రాలేదు. నాన్న ముసలివాడై, జ్వరంతో, మా అందరి మధ్యా పోయాడు. ఆ పల్లెలో, ఆ కాలపు మగవాడికి అది చిన్న విషయం కాదు.

మామ ఎడమ చేత్తో తినడం నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన అన్నం మెతుకులు ఒళ్లంతా పోసుకునేవాడు. ఒకసారి నేను ఏడుస్తూ, "అంత చేసి బతికిస్తే ఆయనే నీ చెయ్యి నరికాడు గదా మామా," అన్నాను. మామ నవ్వాడు. "ఆణ్ణి బతికించటానికి కాదే. ఆపటానికి. ఆపాలంటే ఎవుడో ఒకడు మధ్యలో ఉండాల గదా," అన్నాడు.

ఆ మాట అర్థమవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మంచి చెడ్డలు తేల్చడానికి, తప్పెవరిదో చెప్పడానికి అందరూ ఉంటారు. అడ్డం నిలబడటానికే మనిషి దొరకడు. అలా నిలబడినవాడికి దెబ్బ తగలదని ఎవరూ హామీ ఇవ్వరు. తగులుతుంది. తగులుతుందని తెలిసే నిలబడాలి.

పెళ్లై నకరికల్లు వైపు వచ్చాక, నా మరుదులిద్దరు పొలం గట్టు దగ్గర కర్రలెత్తారు ఒకసారి. ఏం చెప్పాలో నాకు తోచలేదు. వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. ఒక దెబ్బ భుజం మీద పడింది. రెండోది పడలేదు. ఇప్పుడు నాకు సరిగ్గా కనబడదు, కర్ర లేకుండా నడవలేను. అయినా వీధిలో ఇద్దరు గొంతులు పెంచితే, నాకు తెలియకుండానే మంచం దిగి గడప దాకా వచ్చేస్తాను. "నువ్వెక్కడికి నాయనమ్మా, పడిపోతావ్," అని మనవరాలు అరుస్తుంది. అప్పటికే నా కాళ్లు వీధిలో ఉంటాయి.