ప్రసూన సముద్రం, మిరపనారు

బూర్గంపాడులో ప్రసూనను వాతావరణం మేడం అంటారు. ఆమె పని నిజానికి సముద్రంతో. మేడ మీద గదిలో కూర్చుని, సముద్రాన్ని గళ్లుగళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో వేడి ఎంత, ఉప్పు ఎంత, నీరు ఎటు కదులుతుందన్న సమీకరణాలు కంప్యూటర్‌కు అప్పజెబుతుంది. జీతం హైదరాబాదులోని ఒక సంస్థ ఇస్తుంది. సముద్రం చూడ్డానికి పెళ్లయ్యాక ఒక్కసారి వెళ్లింది, ఎండ మండిపోతోందని గంటలో తిరిగొచ్చేసింది. చూడనిదే ఏం తెలుస్తుందనే వాళ్లతో నేను వాదించను.

భర్త జయప్రకాశ్‌ది మిరప సాగు. పోయిన ఏడాది జూన్‌లో అన్నం తింటూ అడిగాడు: "ఏందీ, ఈసారి నీ సముద్రం ఏమంటుంది?"

"పసిఫిక్ వేడెక్కుతోందండీ. ఈ సీజన్‌లో మనకు వానలు తక్కువే."

మజ్జిగ పోస్తూ అన్న మాట. ఆఫీసులో అయితే దానికి ముందూ వెనకా బోలెడు షరతులు తగిలించేది. ఇంట్లో మొగుడితో షరతులేమిటి?

జయప్రకాశ్‌కు అది వేదవాక్కయింది. వానలు లేకపోతే నీళ్లు దగ్గరుండాలని, ఎప్పుడూ మెరక చేలో పోసే మిరపనారు ఈసారి గోదావరి ఒడ్డున పల్లపు చేలో పోశాడు. ఆమెకు చెప్పాలని అతనికి తోచలేదు. అడగాలని ఆమెకూ తోచలేదు.

లెక్క తప్పలేదు. సీజన్ మొత్తం మీద వాన తక్కువే పడింది. కానీ జూలైలో ఎగువన ఎక్కడో కురిసిందంతా గోదావరిలోకి దిగి నారుమడిని ముంచేసింది. నీరు తీశాక బురద మిగిలింది. మళ్లీ విత్తనం తెచ్చి పోసేసరికి అదును దాటిపోయింది. ఆ ఏడు మిరప లేదు.

ఇద్దరూ బండి మీద వస్తుంటే టీ కొట్టు దగ్గర పక్క చేను గంగయ్య ఆపాడు. "ఏం బావా, మీ ఇంటామె వానల్లేవన్నదంట గదా?"

"అవ్, అన్నది. మనూళ్ల వాన ఏడ పడ్డది? నీళ్లు పైనుంచి వచ్చినయ్. ఆమె లెక్క రైటే," అన్నాడు జయప్రకాశ్.

వెనక కూర్చున్న ప్రసూనకు తిట్టినా బాగుండేదనిపించింది. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది, అతనికి తెలియకుండా.

ఈ ఏడు జూన్‌లో మళ్లీ అన్నం దగ్గరే అడిగాడు. "ఏందీ, నీ సముద్రం ఏమంటుంది?"

ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"అది తర్వాత చెప్తా. ముందు నారు ఎక్కడ పోస్తున్నారో చెప్పండి."