దయ్యం పట్టిన నాలిక

మా ఊరి వీధిబడి పంతులుగారి ఇంటి అరుగు మీద నడిచేది. నడిచేదంటే, పంతులుగారు చద్దన్నం తిని కునుకు తీసేవారు, బడిని పెద్ద శిష్యుడు నడిపేవాడు. వాడికి పదహారేళ్ళు. ఎక్కాలు పదమూడు దగ్గరే ఆగిపోయినా, ఎవడికి ఎక్కడ నొప్పో కనిపెట్టడంలో మాత్రం మహా పండితుడు.

నాకు ఎనిమిదేళ్ళు. నత్తి. అందులోనూ ‘ప’ అనే అక్షరానికీ నాకూ బొత్తిగా సరిపడేది కాదు. మా అమ్మ పుట్టిల్లు పలివెల. ఆ సంగతి పసిగట్టిన పెద్ద శిష్యుడు రోజూ పొద్దున్నే ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు.

“మీ అమ్మది ఏ ఊర్రా?”

“ప... ప... ప...”

“పప్పప్పా!” అని ముప్పైమందీ అందుకునేవారు. ఆ గోలకి మెలకువ వస్తే పంతులుగారు కూడా ఓ నవ్వు నవ్వి, “పిల్లలన్నాక ఆ మాత్రం ఉండాలి. రాటుదేలతాడు” అని అటు తిరిగి పడుకునేవారు.

నేను చక్కగా రాటుదేలాను. మూడు నెలల్లో మాట్లాడ్డమే మానేశాను. అన్నం సయించేది కాదు. పక్క తడిపేవాణ్ణి. బడివేళకి కొబ్బరిడొక్కల కుప్ప వెనక దాక్కునేవాణ్ణి.

ఇంట్లో పెద్దలంతా కూచుని నా రోగం కనిపెట్టేరు. తాతగారు బద్ధకం అన్నారు. వైద్యుడు పైత్యం అని, నాలిక మీద వస అరగదీసి రాశాడు. కాలవగట్టున తిరిగే దయ్యం నా నాలిక పట్టుకుందని భూతవైద్యుడు తేల్చేడు. దొరలు ఆ కాలవ తవ్వించిన దగ్గర్నుంచీ మా ఊళ్ళో ఏం జరిగినా ఆ గట్టు మీదకే తోసేవారు లెండి. వేపమండలతో నన్ను బాదేరు. బడిలో దెబ్బలు చాలలేదని కాబోలు. ఇంతమంది ఇన్ని కనిపెట్టేరు గాని, నన్ను ఒక్కమాట అడిగి చూద్దామని ఎవరికీ తోచలేదు.

అడిగింది మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోయి, మా ఇంట్లోనే ఉండేది. ఓ మధ్యాహ్నం పెరట్లో కొబ్బరాకు అల్లుతూ, “బడిలో ఏమయిందిరా నాయనా?” అంది.

ఇసుకలో రాసి చూపించాను. ఆవిడకి చదువు రాదు. ఇక నోటితో చెప్పక తప్పలేదు. నేను ఒక్కో మాట కోసం పెనుగులాడుతున్నంతసేపూ ఆవిడ అల్లుతూనే ఉంది. నా నోట్లో మాట తను అందుకోలేదు, తొందరపెట్టలేదు. నేను ముగించేసరికి రెండాకులు పూర్తయ్యాయి.

మర్నాడు నా చెయ్యి పట్టుకుని తిన్నగా బడికి వచ్చింది.

“పంతులుగారూ, మావాడికి దయ్యం పట్టిందంటున్నారండి. ఓసారి చూసిపోదామని వచ్చేనండి.”

“ఇక్కడ దయ్యం ఏమిటమ్మా?” అన్నారు పంతులుగారు కళ్ళు నులుముకుంటూ.

“అదుగోనండి, మీ బెత్తం పుచ్చుకుని కూచుంది.”

పెద్ద శిష్యుడు బెత్తం కింద పెట్టేశాడు. పంతులుగారు ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఆడవాళ్ళ నోటిదురుసు గురించి చాలాసేపు బాధపడ్డారు. నాన్నగారు అత్తని తిట్టేరు. అంతటితో న్యాయం జరిగిపోయింది.

నా జోలికి మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు. బడికి మరొకడు దొరికేడు. పడవ నడిపే సరంగు కొడుకు, మొహం నిండా స్ఫోటకం మచ్చలు. “జల్లెడా!” అని పెద్ద శిష్యుడు మొదలెట్టేవాడు. మిగతావాళ్ళం అందుకునేవాళ్ళం. అవునండి, అందుకునేవాళ్ళం. గుంపుతో కలిసి అరిచేటప్పుడు నాకు నత్తి రాదని అప్పుడే తెలిసింది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

నెల తిరక్కుండా వాడు బడి మానేశాడు. మొహానికి తుండుగుడ్డ కప్పుకుని గది మూల కూచుంటున్నాడనీ, అన్నం ముట్టడం లేదనీ చెప్పుకున్నారు. భూతవైద్యుణ్ణి పిలిచేరని వినేసరికి నా వీపు చురుక్కుమంది. వాళ్ళింటికి పరిగెత్తాను.

ముగ్గేసి వాణ్ణి మధ్యలో కూచోబెట్టేరు. వాళ్ళమ్మ గుమ్మంలో ఏడుస్తోంది.

“దయ్యం కాదండీ,” అన్నాను. “మే... మే... మేమేనండి. జల్లెడని పి... పిలిచేం. నేనూ పి... పిలిచేనండి.”

అంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళమ్మ లేచి వేపమండలు లాక్కుని అవతల పారేసింది. కొడుకు మొహం మీది గుడ్డ తీసి, వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. “ఇదుగో, దయ్యం వీడిలోకి దూకింది!” అని నన్ను చూపించి భూతవైద్యుడు తన పరువు తను దక్కించుకున్నాడు.

బడి గుట్టు రచ్చకెక్కించినందుకు పంతులుగారు నాకు కోదండం వేయించేరు. దూలానికి కట్టిన తాడుకి నేను వేలాడుతుంటే, అరుగు మీద చదువు యథాప్రకారం సాగింది.

సరంగు కొడుకు మళ్ళీ బడి మొహం చూడలేదు. వాళ్ళ నాన్న పడవ మీదే పనికి కుదిరేడు. రేవులో ఎదురుపడితే తల తిప్పేసుకునేవాడు. అందులో వాడి తప్పేమీ లేదు. ఆర్నెల్లకి కాబోలు, ఓ వానరోజు వాళ్ళ పడవలో నేను గోదావరి దాటుతుంటే, తన పక్కన చోటు చూపించి, “అక్కడ తడుస్తావు, ఇటు కూచో” అన్నాడు.